బొమ్మల కప్పులో తేయాకు జోస్యం చెప్పడం ఎలా?

టీ తాగేశాక కప్పు అడుగున మిగిలే ఆకు పిప్పిని చూసి జరగబోయేది చెప్పడం 19వ శతాబ్దపు బ్రిటన్‌లో ఇంటింటి కాలక్షేపం. స్కాట్లాండ్ పల్లెల్లో ఈ విద్యకు పేరుపడ్డ అవ్వలు ఉండేవారు. పట్టణాల్లో సాయంత్రం టీ ముగిశాక చుట్టాలూ స్నేహితులూ ఒకరి కప్పు ఒకరు చూసుకుని నవ్వుకునేవారు. దీనికి వేరే సరంజామా అక్కరలేదు, లోపల తెల్లగా ఉన్న కప్పు చాలు. 20వ శతాబ్దం రాగానే, పింగాణీకి పెట్టింది పేరైన స్టాఫర్డ్‌షైర్ కంపెనీలు ఈ సరదాలో బేరం పసిగట్టాయి. లాంగ్టన్‌లోని ఐన్స్‌లీ కంపెనీ 1904లో ‘నెల్రోస్’ కప్పును తెచ్చింది. దాని లోపలి గోడ మీద చిన్నచిన్న శకున చిహ్నాలు అచ్చువేసి ఉంటాయి. 1930లలో పారగాన్ కంపెనీ రాశుల గుర్తులున్న కప్పులు చేసింది. పేకముక్కలు అచ్చువేసిన కప్పులూ వచ్చాయి.

అలాంటి కప్పు ఒకటి మీ చేతికి వచ్చిందనుకోండి. వేలంలో మీరే కొన్నారో, ఇంగ్లండులో ఉన్న మేనకోడలు పాత సామాన్ల సంతలో చూసి పంపిందో. దాన్ని అద్దాల బీరువాలో పెట్టి ఊరుకోకుండా, అది పుట్టిన పనికి వాడటం ఎలాగో ఇక్కడ చెబుతాను.

ముందే ఒక మాట. కొత్తవాళ్ళు చాలామంది బొమ్మల కప్పును లాటరీ చీటీలా వాడతారు. ఆకు ఉంగరం బొమ్మ మీద పడితే పెళ్ళి, పాము బొమ్మ మీద పడితే శత్రువు, అంతటితో సరి. అలా అయితే ఆకు ఎందుకు, పాచికలు వేసుకోవచ్చు. కప్పు మీది అచ్చు బొమ్మ మనం ఏ విషయం గురించి మాట్లాడుతున్నామో చెబుతుంది. ఆ విషయంలో ఏం జరుగుతుందో చెప్పవలసింది ఆకు ఆకారం. ఈ రెండింటినీ కలిపి చదివినప్పుడే ఈ ఆటలో రుచి.

కప్పు సంగతి

జోస్యానికి పనికొచ్చే కప్పు వెడల్పు మూతితో, లోతు తక్కువగా, వాలు గోడతో ఉండాలి. నిలువు గోడల మగ్గులో ఆకు జారి అడుగుకు చేరిపోతుంది, గోడ మీద ఏమీ నిలవదు. లోపల గాడులూ మడతలూ ఉన్న కప్పు కూడా వద్దు, ఆకు ఆ గాడుల్లో వరస కట్టి అబద్ధపు గీతలు గీస్తుంది. కప్పుకు పిడి తప్పనిసరి. పిడి లేకపోతే చదవడం ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు.

పాత కప్పు కొనేటప్పుడు బయటి సొగసు కన్నా లోపలి అచ్చును ఎక్కువ చూడండి. గోరుతో మెల్లగా రాస్తే బొమ్మ గరుకుగా, పైకి తేలినట్టు తగిలితే ఆ రంగు మెరుగుపూత మీద వేసినదన్నమాట. అది అరుగుతుంది. ఏళ్ళ తరబడి చెంచా తిప్పి తిప్పి అడుగున ఉన్న బొమ్మలు సగం చెరిగిపోయిన కప్పులు చాలా కనిపిస్తాయి. చూడటానికి బాగానే ఉంటాయి, చదవడానికి మాత్రం అడుగు భాగం మూగబోయినట్టే. వెలుతురుకు ఎదురుగా పట్టుకుని వేలు నీడ కనబడుతుందేమో చూడండి. ఎముకల బూడిద కలిపి చేసే ‘బోన్ చైనా’ పల్చగా ఉండి వెలుతురును లోపలికి రానిస్తుంది, బీట ఉంటే సన్నటి గీతలా అప్పుడే బయటపడుతుంది.

ఇంకొక జాగ్రత్త ఉంది. పూర్వం పింగాణీ రంగుల్లో సీసం వాడేవారు. ఈ కప్పుల్లో బొమ్మలు లోపలి వైపే ఉంటాయి కాబట్టి టీ నేరుగా వాటికి తగులుతుంది. రంగు అరిగిన పాత కప్పులో రోజూ తాగడం మంచిది కాదు, నిమ్మరసం పిండిన టీ అసలే వద్దు. అనుమానం ఉంటే మామూలు తెల్ల కప్పులో తాగి, చివరి గుటకను ఆకుతో సహా బొమ్మల కప్పులోకి వంపుకోండి. సంప్రదాయం పట్టింపు ఉన్నవాళ్ళు తాగినవాళ్ళ పెదవి ఆ కప్పుకే తగలాలంటారు. నా ఓటు ఆరోగ్యానికే.

అసలు కప్పే దొరకకపోతే? తెల్ల కప్పు తీసుకోండి. దాని మూతికి రెట్టింపు వెడల్పున కాగితం మీద చక్రం గీసి పన్నెండు గడులు చేయండి. గడికొక విషయం రాయండి: ఇల్లు, డబ్బు, తోబుట్టువులు, చదువు, పని, ప్రయాణం, ఇలా మీకు తోచినవి. కప్పును చక్రం నడుమ పెడితే ఏ ఆకు ఏ గడి వైపు ఉందో తెలిసిపోతుంది. కప్పు లోపల పెన్నుతో గీతలు గీయకండి, ఆ సిరా టీలో దిగుతుంది.

ఆకు సంగతి

మన ఇళ్ళలో టీ పొడి దీనికి పనికిరాదు. మనం పాలలో మరిగించే పొడి సీటీసీ రకం. ఆకును పళ్ళ రోలర్ల మధ్య నలిపి, చింపి, గుళికలుగా చుడతారు. చిక్కటి డికాక్షన్‌కు దానికి సాటి లేదు. కానీ కప్పు గోడకు అంటితే అన్నీ ఒకే సైజు చుక్కలు, దోమలు వాలినట్టు. టీ బ్యాగు విప్పి పోసినా అంతే, అందులో ఉండేది దుమ్ము. బ్రిటన్‌లో 1953లో టెట్లీ కంపెనీ టీ బ్యాగులు తెచ్చాక ఇళ్ళలో ఈ జోస్యానికి గడ్డుకాలం వచ్చింది. కప్పులో ఆకే మిగలకపోతే చదివేది ఏమిటి?

కావలసింది ‘ఆర్థొడాక్స్’ పద్ధతిలో చుట్టిన ఆకు. డార్జిలింగ్, నీలగిరి, అస్సాం మూడింటిలోనూ దొరుకుతుంది. చైనా టీల్లో కీమన్‌ను చాలామంది ఇష్టపడతారు. పూర్తి ఆకు తీసుకోకండి. పొడిగా ఉన్నప్పుడు నాజూకుగా కనిపించినా, వేడినీళ్ళలో విప్పుకుని వేలి గోరంత అవుతుంది. ఒక్కొక్క ఆకే కప్పులో పావు వంతు ఆక్రమిస్తుంది. ‘బ్రోకెన్ ఆరెంజ్ పెకో’ అని పొట్లం మీద రాసి ఉండే విరిగిన ఆకు సరిగ్గా సరిపోతుంది. అందులో పెద్దా చిన్నా ముక్కలూ, నడుమ కాస్త కాడలూ ఉంటాయి. కాడలు ఉన్నాయని పక్కన పెట్టేయకండి, జోస్యంలో మనుషులు వాళ్ళే.

కప్పుకు ఒక చెంచా ఆకు చాలు. నీళ్ళు తెర్లిన తరువాత నేరుగా కప్పులోని ఆకు మీద పోసి మూడు నాలుగు నిమిషాలు ఆగండి. వడకట్టకూడదు. ఇంతమంది టీ తాగే మన దేశంలో ఈ ఒక్క షరతు దగ్గరే చాలామంది ఆగిపోతారు, నోట్లోకి ఆకు వస్తుందని. రాదు. నానిన ఆకు బరువెక్కి అడుగుకు దిగుతుంది, పై నుంచి నిదానంగా తాగితే పంటికి తగిలేది తక్కువే. పాలు పోయవచ్చు, కానీ పాల పొర గోడ మీద తెల్లగా అంటుకుని బొమ్మలను మసకబారుస్తుంది. పంచదార అయితే ఆకును జిగురు చేసి ముద్ద కట్టిస్తుంది. బొమ్మల కప్పులో ఉత్త టీయే మేలు.

కాఫీతో చేయవచ్చా అని అడగబోతున్నారేమో. తుర్కియేలో, గ్రీసులో కాఫీ మడ్డితో ఇదే పని చేస్తారు, అక్కడ పొడి కప్పులోనే మిగులుతుంది కాబట్టి. మన ఫిల్టర్ కాఫీ వాళ్ళకు ఆ యోగం లేదు, మడ్డి అంతా పై గిన్నెలోనే ఉండిపోతుంది.

తాగడం, తిప్పడం, బోర్లించడం

ఎవరి కప్పు చదవాలో వాళ్ళే తాగాలి. తాగుతూ ఏదైనా ఒక విషయం మనసులో పెట్టుకోమనండి. పైకి చెప్పనక్కరలేదు. “నా జీవితం ఎలా ఉంటుంది” లాంటి సముద్రమంత ప్రశ్న కన్నా “ఈ ఇల్లు మారడం సంగతి ఏమిటి” అన్నది చదవడానికి సుఖం.

తాగుతున్నప్పుడే కాడ ఒకటి పైకి తేలిందా? ఇంగ్లండులో దాన్ని ‘కొత్త మనిషి’ అంటారు, ఎవరో రాబోతున్నారని గుర్తు. కాడ గట్టిగా ఉంటే మగవాడు, మెత్తగా ఉంటే ఆడమనిషి. దాన్ని తీసి ఎడమచేతి వెనకవైపు పెట్టుకుని కుడిచేత్తో తడతారు. ఎన్నో దెబ్బకు రాలితే అన్ని రోజుల్లో వస్తారని లెక్క. జపానువాళ్ళకైతే కాడ నిలువుగా తేలడమే పెద్ద శుభశకునం. జోస్యం మొదలుకాక ముందే ఇంత వినోదం.

చివరికి కప్పులో ఒక చెంచాకు మించకుండా ద్రవం మిగలాలి. నా దృష్టిలో పద్ధతి మొత్తానికి ఆయువుపట్టు ఇదే. ఎక్కువ మిగిలితే బోర్లించగానే ఆకంతా సాసరులోకి కొట్టుకుపోతుంది. తక్కువైతే ఆకు లేవదు, అడుగున ముద్దగా కూర్చుంటుంది. కప్పును ఎడమచేత్తో పట్టుకుని, మణికట్టుతో మూడుసార్లు గుండ్రంగా తిప్పాలి. ద్రవం అంచుకు వేలెడు దూరం వరకూ ఎక్కి, వెంట ఆకును లాక్కెళ్ళాలి. ఎటువైపు తిప్పాలన్న దాని మీద చదివేవాళ్ళలో ఏకాభిప్రాయం లేదు. ఒక వైపు ఎంచుకుని ఎప్పుడూ అటే తిప్పండి, పేచీ ఉండదు.

తిప్పిన వెంటనే కప్పును నెమ్మదిగా సాసరు మీద బోర్లించండి. విసురుగా బోర్లిస్తే గోడ మీది ఆకు రాలిపోతుంది. ఒక నిమిషం అలాగే వదిలేయండి. సాసరులో మెత్తటి కాగితం మడత వేసి ఉంచితే కారిన నీరు పీల్చుకుంటుంది, కప్పు అంచుకు తడి అంటదు. ఇది పాత పద్ధతి కాదు, కానీ పని సుళువవుతుంది. తరువాత కప్పును తిరగేసి, పిడి మీ వైపు ఉండేట్టు పెట్టుకోండి.

ఎక్కడ పడిందన్నదే సగం జోస్యం

బల్లిపాటు శాస్త్రం తెలిసినవాళ్ళకు ఈ భాగం చిటికెలో వస్తుంది. అక్కడ బల్లి అన్నిసార్లూ అదే బల్లి. భుజం మీద పడిందా, పాదం మీద పడిందా అన్నదాన్నిబట్టి ఫలం. కప్పులోనూ అంతే, ఒకే ఆకారం చోటు మారితే అర్థం మారుతుంది.

పిడి అంటే తాగిన మనిషి, లేదా వాళ్ళ ఇల్లు. పిడి పక్కన ఉన్నవి సొంత విషయాలు, ఎదుటి వైపువి బయటివాళ్ళవి, దూరపువి. పిడి వైపు మొగమున్న ఆకారం వస్తున్నది, అటు వీపు పెట్టినది వెళ్ళిపోతున్నది. ఇక నిలువు లెక్క కాలానిది. అంచు దగ్గర ఉన్నది త్వరలో, నడిమి గోడ మీదిది కొంతకాలానికి, అడుగున ఉన్నది ఎప్పటికో. అడుగున పడ్డవన్నీ చెడ్డవే అనేవాళ్ళూ ఉన్నారు. నాకు ఆ లెక్క నచ్చదు. బరువైన ఆకు ఎప్పుడూ అడుగుకే చేరుతుంది, ఆ లెక్కన ప్రతివాళ్ళ కప్పూ కీడే చెబుతుంది.

ఆకు ముందు, బొమ్మ తరువాత

ఇప్పుడు కప్పులోకి చూడండి, కానీ ఇంకా అచ్చు బొమ్మలను పట్టించుకోకండి. కష్టమే, ఎందుకంటే రంగుల్లో మెరిసేవి అవే. కళ్ళు సగం మూసి చూస్తే సన్నటి రంగు గీతలు మసకబారి, నల్లటి ఆకు గుంపులే మిగులుతాయి. కప్పును కొంచెం వాల్చి, వెలుతురు పక్క నుంచి పడేలా పట్టుకోండి. నెత్తి మీది దీపం కింద తడి మెరుపు తప్ప ఏమీ కనబడదు.

మొదట మొత్తం ఎంత ఆకు ఉందో చూడండి. పల్చగా అక్కడక్కడ ఉంటే మనసు తేటగా ఉన్న మనిషి, విషయాలు కొన్నే. కప్పంతా పరుచుకుని ఉంటే తల నిండా పనులే. తరువాత పిడి దగ్గర మొదలుపెట్టి ఒక చుట్టు రండి. కనబడిన ఆకారాన్ని కనబడినట్టే చెప్పుకోండి: ఇది కుక్కలా ఉంది, ఇది గొడుగులా ఉంది, ఇది ఏమీ కాదు. ఏమీ కానివే ఎక్కువ ఉంటాయి. ప్రతి మచ్చకూ పేరు పెట్టాలని తాపత్రయపడితే అరగంట గడిచినా ఒక్క మాటా తేలదు. మూడు నాలుగు ఆకారాలు దొరికితే ఆ కప్పు పండినట్టే.

బ్రిటన్ సంప్రదాయంలో కొన్ని అర్థాలు బాగా స్థిరపడ్డాయి. పక్షి అంటే కబురు. కుక్క నమ్మకమైన స్నేహితుడు. లంగరు నిలకడ, పూనుకున్న పని నిలబడటం. దాని చుట్టూ ఆకు మబ్బులా కమ్మితే ఆ నిలకడ మీద అనుమానం. ఉంగరం పెళ్ళి. పాము ద్వేషం, జాగ్రత్తగా ఉండమనే మాట. గుర్రపు లాడం, మూడాకుల గడ్డి అదృష్టం. శిలువ కష్టం. చుక్కల వరస ప్రయాణం, ఆ వరస ఎక్కడికి పోతుందో చూడాలి. చతురస్రం ఉత్తరం, పక్కన చుక్కలుంటే అందులో డబ్బు. పొడుగు కాడ పొడుగు మనిషి, పొట్టి కాడ పొట్టి మనిషి.

ఈ జాబితా కంఠతా పట్టనక్కరలేదు. మన పక్క పాము అంటే నాగుల చవితి గుర్తొచ్చేవాళ్ళు ఉంటారు, శిలువ అంటే చర్చి గుర్తొచ్చేవాళ్ళూ ఉంటారు. తాగిన మనిషికి ఆ ఆకారం ఏమిటన్నది అడిగి తెలుసుకుంటే పుస్తకపు అర్థం కన్నా బాగా అతుకుతుంది.

అక్షరాలు కనబడితే ఎవరి పేరుకో మొదటి అక్షరం అంటారు. ఇంగ్లీషువాళ్ళకు ఇది చక్కగా పనిచేస్తుంది, వాళ్ళ అక్షరాల్లో నిలువు గీతలు ఎక్కువ. మన లిపితో చూడబోతే మాత్రం చిక్కే. తడిసిన ఆకు ముక్క వంకర తిరిగితే అది ‘ర’ కావచ్చు, ‘ద’ కావచ్చు, ఉత్త సున్నా కావచ్చు. చుట్టాల్లో సగం మందిని కప్పులోకి లాగకుండా ఉండాలంటే అక్షరాలు వదిలేయడమే మంచిది.

ఏ కప్పుకు ఏ పద్ధతి

ఆకారాలు తేలాక ఇప్పుడు కళ్ళు పూర్తిగా తెరిచి, ఒక్కో ఆకారం ఏ అచ్చు బొమ్మ మీద పడిందో, దేనికి ఆనుకుందో చూడండి. ఆకు తాకని బొమ్మ ఆ రోజుకు మౌనంగా ఉన్నట్టే, దాని జోలికి పోకండి. ఇంట్లోవాళ్ళు “మరి ఈ ఉంగరం సంగతేమిటి” అని వేలు పెట్టి చూపిస్తారు. దాని మీద ఆకు లేదు, అదే జవాబు.

శకున చిహ్నాల కప్పులో బొమ్మ బొమ్మకూ ఒక విషయం ఉన్నట్టు తీసుకోవాలి. ఓడ అంటే దూరం, ఇల్లు అంటే ఇల్లు, తాళం చెవి అంటే తెరుచుకునే అవకాశం. ఆకు ఆకారం మంచిదైతే ఆ విషయంలో మంచి, చిక్కుముడిలా ఉంటే చిక్కు.

పేకముక్కల కప్పు మన వాళ్ళకు అన్నిటికన్నా త్వరగా అలవాటవుతుంది, రంగులు ముందే తెలుసు కాబట్టి. ఆఠీను ప్రేమ, ఇల్లు, కుటుంబం. డైమను డబ్బు. కళావరు పని, స్నేహాలు. ఇస్పేటు అడ్డంకులు. రాజు, రాణి, జాకీ వస్తే మనుషులు. కళావరు రాణి మీద కుక్క ఆకారం పడిందంటే పనిచేసే చోట అండగా నిలిచే ఒక ఆడమనిషి. అంకె ముక్కల్లో ఏడుకీ ఎనిమిదికీ తేడా ఏమిటని బుర్ర బద్దలు కొట్టుకోకండి, రంగు చాలు.

రాశుల కప్పు దగ్గర మాత్రం మనవాళ్ళు తప్పక పొరబడతారు. మేషం నుంచి మీనం దాకా పన్నెండు గుర్తులూ మనవే కదా అని, తమ జన్మరాశి ఎక్కడుందో వెతుక్కుంటారు. మన జన్మరాశి పుట్టినప్పుడు చంద్రుడున్న రాశి. ఆ కప్పు చేసినవాళ్ళ లెక్క పుట్టిన తేదీకి సూర్యుడున్న రాశి. పైగా వాళ్ళ రాశిచక్రం మార్చిలో పగలూ రాత్రీ సమానమయ్యే విషువత్తు నుంచి మొదలవుతుంది, మనది నక్షత్రాలను పట్టుకుని ఉంటుంది. రెండింటికీ ఇప్పుడు దాదాపు 24 డిగ్రీల తేడా. మార్చి చివర్లో పుట్టినవాళ్ళు ఆ కప్పులో మేషం, మన సూర్యగణితంలో మీనం, జన్మరాశి చూస్తే ఏదైనా కావచ్చు. కప్పు వాళ్ళది కాబట్టి లెక్క కూడా వాళ్ళదే వాడండి. మకరం దగ్గర మొసలి కోసం వెతక్కండి, అక్కడ చేప తోక ఉన్న మేక ఉంటుంది. తాగిన మనిషి రాశి గుర్తు మీద పడిన ఆకును వాళ్ళ గురించిగా, మిగతా గుర్తుల మీద పడినదాన్ని ఆ రాశుల్లో పుట్టిన ఇంటివాళ్ళ గురించిగా చదివితే ఆట రంజుగా ఉంటుంది. పెద్ద కుటుంబాల్లో ఒక్క కప్పుకు గంట పడుతుంది.

ఒక కప్పు చదివి చూద్దాం

మీ పిన్ని శకున చిహ్నాల కప్పులో తాగి, తిప్పి, బోర్లించిందనుకోండి. మీరు తిరగేశారు. ఆకు మరీ ఎక్కువ లేదు. పిడికి ఎడమ పక్క, అంచుకు కొద్దిగా కింద ఒక గుంపు: గుండ్రటి తల, వెనక పైకి లేచిన తోక, కింద రెండు పొట్టి కాళ్ళు. కుక్కే. మొహం పిడి వైపు. నడిమి గోడ మీద అయిదారు చుక్కలు వంకర వరసగా ఎదుటి వైపు సాగాయి. అడుగున ఒక పొడుగు కాడ మెలికలు తిరిగి పడుకుంది.

ఇప్పుడు బొమ్మలు. కుక్క కాళ్ళు అచ్చువేసిన ఉత్తరం బొమ్మ మీద ఉన్నాయి. చుక్కల వరస చివర ఓడ బొమ్మ అంచుకు తగిలింది. అడుగున కాడ పడినచోట బొమ్మ ఏదీ లేదు.

కలిపి చూస్తే: పాత స్నేహం నుంచి త్వరలో ఒక కబురు. అంచుకు దగ్గర కాబట్టి త్వరలో, పిడి వైపు మొగం కాబట్టి వస్తున్నది, కుక్క కాబట్టి నమ్మదగినది, ఉత్తరం బొమ్మ కాబట్టి కబురు. కొంతకాలానికి ఒక దూర ప్రయాణం, నేరుగా కాదు, మధ్యలో వంకరలున్నాయి. అడుగున ఉన్న మెలిక పేరులేని చికాకు, చాలా దూరంలో ఉంది, బొమ్మ ఏదీ దాన్ని పట్టుకోలేదు, వదిలేయవచ్చు.

దీన్ని పిన్నికి తీర్పులా చదివి వినిపించకండి. “పిన్నీ, చాలా రోజులుగా మాట్లాడని స్నేహితురాలు ఎవరైనా ఉన్నారా?” అని అడగండి. “ఉందమ్మా, గుంటూరు బడిలో నాతో పనిచేసిన కమల. కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది, ఫోను చేయాలి చేయాలి అనుకుంటూనే ఉన్నాను” అంటుంది. “కూతురు ఎక్కడ?” “మెల్‌బోర్న్‌లో.” ఓడ బొమ్మ ఎదురుగానే ఉంది. ఇంక మీరు చెప్పవలసింది ఏమీ లేదు, పిన్ని తనే చెప్పుకుపోతుంది.

చెప్పే తీరు, చెప్పకూడనివి

పిన్ని కప్పు ఎందుకు అంత బాగా కుదిరింది? పాత స్నేహితులు లేని మనిషీ, తలపెట్టిన ప్రయాణం లేని ఇల్లూ అరుదు. 1948లో అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త బెర్ట్రామ్ ఫోరర్ తన విద్యార్థులకు ఒక పరీక్ష పెట్టి, మీ మీ స్వభావం ఇదిగో అని తలా ఒక కాగితం ఇచ్చాడు. ఎంత సరిపోయిందో అయిదుకు మార్కులు వేయమంటే సగటున 4.26 వేశారు. అందరికీ ఇచ్చింది ఒకే కాగితం, అందులోని వాక్యాలు చాలావరకు జ్యోతిషం పుస్తకం నుంచి తీసినవి. మబ్బుల్లో ఏనుగును చూసే కన్నే ఆకుల్లో కుక్కను చూస్తుంది. కప్పుకు రేపటి సంగతి తెలియదు. ఎదుటి మనిషి మనసులో నలుగుతున్నదాన్ని నోటిదాకా తేవడానికి ఒక సాకు దొరుకుతుంది, అంతే. ఆ సాకు మంచిదే.

అందుకే కొన్ని మాటలు ఈ కప్పు దగ్గర రాకూడదు. పాత జాబితాల్లో శవపేటిక కూడా ఉంది. ఆ ఆకారం మీకు కనబడితే దాన్ని పెట్టె అనుకోండి, పైకి అనకండి. చావు, జబ్బు, కడుపు పండటం, మొగుడూ పెళ్ళాల తగాదా, వీటి మీద నోరు మెదపవద్దు. పరీక్షలో తప్పుతావని పిల్లవాడితో నవ్వుతూ అన్నా ఆ మాట వాడి తలలో ఉండిపోతుంది. ఎవరైనా నిజంగా నమ్మి, స్థలం కొనాలా వద్దా అని కప్పు పట్టుకుని వస్తే చదవకండి. టీ ఇచ్చి పంపండి.

డబ్బు తీసుకోవడం గురించి కూడా. ఇంగ్లండులో 1824 నాటి దేశదిమ్మరుల చట్టం జోస్యం చెబుతానని నమ్మించడాన్ని నేరంగా పెట్టింది. ఆ మాట చట్టం నుంచి తొలగింది 1989లోనే. న్యూయార్కులోనూ రుసుము తీసుకుని జోస్యం చెప్పడం నేరమే. 1920, 30లలో అక్కడి టీ గదులు దీనికి దారి కనిపెట్టాయి: డబ్బు టీకీ రొట్టెకీ, జోస్యం ఉచితం, చదివిన ఆవిడకు మీ ఇష్టం వచ్చినంత ఇవ్వండి. చాలాచోట్ల ఆ ఆవిడకు రోమా (జిప్సీలని పిలిచేవారు) స్త్రీల వేషం వేసి కూర్చోబెట్టేవారు, నిజంగా రోమా అయినా కాకపోయినా. న్యూ ఆర్లియన్స్‌లో 1929లో మొదలైన ‘బాటమ్ ఆఫ్ ద కప్’ ఆ కోవలో పేరుపడ్డది. మీ ఇంట్లో ఈ బాధలేవీ లేవు, ఉప్మా మీరే పెడతారు, జోస్యమూ మీరే చెబుతారు.

ఒకే మనిషి కప్పును ఒకే రోజు రెండోసారి చదవవద్దు. మొదటిది నచ్చలేదని ఇంకో కప్పు అడుగుతారు, అదీ నచ్చదు.

కడిగేటప్పుడు

చదవడం అయ్యాక ఆకును వేళ్ళతో కాకుండా నీటి ధారతో వదిలించి, మొక్కల కుండీలో వేయండి. పాత కప్పును గోరువెచ్చని నీళ్ళు, కొద్దిగా మెత్తటి సబ్బు, గుడ్డ, వీటితోనే కడగాలి. ఇత్తడి సామానుకు అలవాటైన చేయి చింతపండు మీదికి పోతుంది. ఆ పులుపు మెరుగు మీద వేసిన రంగును తినేస్తుంది. గిన్నెలు తోమే పొడి, పీచు బంగారు అంచును ఒక్క రోజులో గీకేస్తాయి. బంగారు అంచున్న కప్పును మైక్రోవేవ్‌లో పెట్టకూడదు, నిప్పురవ్వలు లేస్తాయి. టీ మరక అడుగున గోధుమరంగు కట్టి బొమ్మలు మసకబారితే, వంటసోడా నీళ్ళలో కలిపి పోసి గంటసేపు ఉంచి, రుద్దకుండా తుడిచేయండి. ఆరాక పిడి పట్టుకుని కొక్కానికి తగిలించకండి, పాత పింగాణీలో మొదట ఊడేది పిడే. పిడి పోయిన కప్పు సంగతి పైన చెప్పాను.